మందు – మర్మం: వాంతుల మాత్ర ఆనందాన్ని ఆపుతుందా?

ఈ నెల నాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒండాన్‌సెట్రాన్ అనే ఒకే మందు చుట్టూ తిరుగుతున్నవి. గుంటూరులోనైనా విజయవాడలోనైనా మెడికల్ షాపుకు వెళ్లి 'వాంతుల మాత్ర' అని అడిగితే చీటీ లేకపోయినా చాలామంది చేతిలో పెట్టేది దీనినే. అది శరీరంలో పనిచేసే చోటును 5-హెచ్‌టీ3 గ్రాహకం అంటారు. 5-హెచ్‌టీ అనేది సెరటోనిన్‌కు రసాయన శాస్త్రం పెట్టిన పొట్టి పేరు. ఆ సెరటోనిన్ వచ్చి తగులుకొనే, కణం పైపొరలో ఉండే ప్రోటీనే గ్రాహకం. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కనుక ఊళ్లూ పేటలూ మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు విజయవాడలోని ఒక ఆసుపత్రిలో మూడు వారాలకొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. సెలైన్ మొదలుపెట్టకముందే సిస్టర్ వాంతుల ఇంజెక్షన్ చేస్తారు. వాంతే రాకుండా దానికి ఇంజెక్షన్ ఏమిటని అమ్మ ప్రతిసారీ అడుగుతుంది. ఆ రోజు బాగానే గడుస్తుంది గాని మూడో రోజుకు వికారం మొదలై అన్నం వాసన కూడా పడదు. ఈలోగా మా తమ్ముడు ఫోనులో చూసి, ఈ ఇంజెక్షన్ సెరటోనిన్‌ను అడ్డుకుంటుందనీ, సెరటోనిన్ అంటే ఆనందాన్నిచ్చే హార్మోన్ అనీ చెప్పాడు. అమ్మ ఈ మధ్య దిగులుగా ఉంటోంది. అది ఈ ఇంజెక్షన్ వల్లనేనా? – ఒక ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చివరి సందేహంతో మొదలుపెడతానమ్మా, ఎందుకంటే అది తీరితే మిగిలిన రెండింటి ముడి సగం విడిపోతుంది. మీ అమ్మగారి దిగులుకు ఆ ఇంజెక్షన్‌ను తప్పుపట్టనక్కరలేదు. సెరటోనిన్‌కు 'ఆనంద హార్మోన్' అన్న బిరుదు పత్రికలు తగిలించినది, ఆ పాపంలో నాబోటి శీర్షికలు రాసేవాళ్లకూ వాటా ఉంది. నిజానికి ఈ పదార్థం మెదడులో కనపడడానికి చాలా ముందే పేగులో కనపడింది. ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామర్ 1930లలో జీర్ణనాళపు లోపలి పొరలోని కొన్ని ప్రత్యేక కణాల నుంచి, కండరాన్ని ముడుచుకొనేలా చేసే ఒక పదార్థాన్ని తీసి దానికి ఎంటరమైన్ అని పేరు పెట్టారు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరం నుంచి, రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేసి, సీరంలో ఉండి బిగువునిచ్చేది కనుక సెరటోనిన్ అన్నారు. ఈ రెండూ ఒకటేనని 1952లో తేలింది. మెదడులో కూడా అది ఉందని బెట్టీ ట్వారోగ్, పేజ్ కలిసి చూపించింది ఆ మరుసటి ఏడాది. శరీరంలోని మొత్తం సెరటోనిన్‌లో సుమారు 90 శాతం ఉండేది జీర్ణనాళంలోనే.

ఒకే పదార్థం ఇన్ని చోట్ల ఇన్ని రకాల పనులు ఎలా చేస్తుందన్న ప్రశ్నకు మీ వృత్తిలోంచే ఉదాహరణ తీసుకుంటాను. సాయంత్రం బడిగంట ఒక్కటే మోగుతుంది, కానీ అది పిల్లలకు ఇంటికి పరుగెత్తే వేళ, గేటు బయట పుల్ల ఐసు అమ్మేవాడికి బేరం మొదలయ్యే వేళ, అటెండరుకు తాళాలు వెతుక్కొనే వేళ. సెరటోనిన్ కూడా అలాంటి గంటే. అది ఏమి చేయిస్తుందన్నది వినే గ్రాహకాన్నిబట్టి ఉంటుంది. ఈ గ్రాహకాలు ఏడు కుటుంబాలుగా, మొత్తం 14 రకాలుగా ఉన్నాయి. మనోవ్యాకులత, ఆందోళన వంటి వాటి గురించి మాట్లాడేటప్పుడు వైద్యులు ఎక్కువగా ప్రస్తావించేవి 5-హెచ్‌టీ1ఏ, 5-హెచ్‌టీ2ఏ అనే రకాలు. మీ అమ్మగారి ఇంజెక్షన్ మూసేది 5-హెచ్‌టీ3ని. అది సెరటోనిన్ తయారీని ఆపదు, ఉన్నదాన్ని తగ్గించదు, మిగిలిన గ్రాహకాల దగ్గర దాని పని దానిని చేసుకోనిస్తుంది.

ఇక ముందుగా ఎందుకు ఇస్తారన్న మాట. సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ మందులన్నిటిలోకీ వాంతుల విషయంలో పేరుమోసినది. రక్షణ లేకుండా ఎక్కిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాంతులు చేసుకుంటారు. ఆ మందు తగిలినప్పుడు చిన్నపేగు లోపలి పొరలో అక్కడక్కడ ఉండే ఎంటరోక్రొమాఫిన్ కణాలు, ఎర్‌స్పామర్ వెతికినవి సరిగ్గా ఇవే, తమలో మూటకట్టి దాచుకొన్న సెరటోనిన్‌ను కుమ్మరించేస్తాయి. వాటికి ఆనుకొనే వేగస్ నాడి కొసలు ఉంటాయి, ఆ కొసల మీద 5-హెచ్‌టీ3 గ్రాహకాలు ఉంటాయి. అక్కడ సెరటోనిన్ తగలగానే నాడిలో సంకేతం పుట్టి, పొట్ట నుంచి మెడ మీదుగా మెదడు కాండానికి చేరుతుంది. అక్కడ, మెదడులో ద్రవం నిండి ఉండే నాలుగో కోష్ఠం అడుగున, ఏరియా పోస్ట్రీమా అనే చిన్న ప్రదేశం ఉంది. మెదడుకూ రక్తానికీ మధ్య ఉండే అడ్డుగోడ ఈ చోట ఉండదు కనుక రక్తంలో తిరిగే విషాలను అది నేరుగా పసిగట్టగలదు. అక్కడా 5-హెచ్‌టీ3 గ్రాహకాలు దట్టంగా ఉన్నాయి. చెడిపోయిన తిండి లోపలికి పోయిందనుకొని శరీరం కడుపును ఖాళీ చేయమంటుంది. నోటి ద్వారా పోయిన విషానికి అది మంచి ఉపాయమే. చేతి నరంలోంచి ఎక్కిన మందుకు కడుపు ఖాళీ చేసి ప్రయోజనం లేదు, కానీ పేగుకు ఆ తేడా తెలియదు.

ఈ వరుస మొదలైపోయాక మందు ఇవ్వడం చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్టే. సెరటోనిన్ వచ్చేసరికే గ్రాహకాల మీద మందు కూర్చుని ఉండాలి, అందుకే సాధారణంగా కీమోకు అరగంట ముందు ఇంజెక్షన్ చేస్తారు. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది, అది నేను పుస్తకంలో చదవకముందే కళ్లతో చూశాను. 1980లలో, ఒండాన్‌సెట్రాన్ ఇంకా రానప్పుడు, నేను హౌస్ సర్జన్‌గా ఉన్న వార్డులో సిస్‌ప్లాటిన్ తీసుకొనే ప్రతి మంచం కింద ఒక తెల్ల ఎనామిల్ బేసిన్ ఉండేది. వారిలో ఒకావిడ మూడో విడతకు వచ్చినప్పుడు ఇంకా సెలైన్ సీసా స్టాండుకు తగిలించనైనా లేదు, నర్సు దూదిమీద స్పిరిట్ వంచిన వాసనకే ఆమెకు డోకు వచ్చింది. మొదటి రెండు విడతల వాంతులను ఆమె మనసు ఆ వాసనతో కలిపి గుర్తుపెట్టుకొంది. ఇలా ముందే వచ్చే వాంతులకు 5-హెచ్‌టీ3ని మూసే మందులు అంతగా పనిచేయవు, ఎందుకంటే అక్కడ పేగు చేసినది ఏమీ లేదు. మొదటి విడతలోనే వాంతి రాకుండా చూసుకోవడం ఒక్కటే దారి. ఆ రోజుల్లో మా దగ్గర ఉన్నది మెటోక్లోప్రమైడ్. మామూలు మోతాదుకు అది సిస్‌ప్లాటిన్ ముందు నిలిచేది కాదు. మోతాదును ఎన్నో రెట్లు పెంచితే పనిచేస్తుందని 1981లో అమెరికా వైద్యులు చూపించారు. పెంచితే మాత్రం కొందరికి, ముఖ్యంగా చిన్న వయసువారికి, మెడ ఒక పక్కకు మెలితిరిగిపోయేది. అది ఆ మందు మెదడులో డోపమైన్ అనే ఇంకొక పదార్థపు గ్రాహకాలను మూయడంవల్ల వచ్చే చిక్కు. ఎక్కువ మోతాదులో అది పనిచేయడానికి అసలు కారణం 5-హెచ్‌టీ3ని కూడా మూయడమేనని తరువాత అర్థమైంది. ఆ ఒక్క పని మాత్రమే చేసే మందు కోసం సాగిన వెతుకులాటలో వచ్చినదే ఒండాన్‌సెట్రాన్. అమెరికాలో దానికి 1991 జనవరిలో అనుమతి వచ్చింది.

మూడో రోజు సంగతి వేరు. మొదటి 24 గంటల వాంతులలో పెద్దపాత్ర సెరటోనిన్‌ది, ఆ తరువాత రోజులలో వచ్చేవాటిలో పెద్దపాత్ర సబ్‌స్టెన్స్ పీ అనే ఇంకొక పదార్థానిది. అది ఎన్‌కే1 అనే వేరే గ్రాహకం ద్వారా మెదడు కాండంలో పనిచేస్తుంది. కాబట్టి ఒండాన్‌సెట్రాన్ మాత్రలను మూడో రోజు ఎన్ని వేసుకొన్నా లాభం తక్కువ, మలబద్ధకం మాత్రం మిగులుతుంది. ఎన్‌కే1ను మూసే అప్రెపిటాంట్, సెరటోనిన్ గ్రాహకం మీద ఎక్కువ కాలం నిలిచే పాలోనోసెట్రాన్, రెండూ 2003లో వాడుకలోకి వచ్చాయి. పాలోనోసెట్రాన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 40 గంటలు పడుతుంది, ఒండాన్‌సెట్రాన్‌కు కొద్ది గంటలే. వీటికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌నూ, ఓలాంజపైన్ అనే మందునూ కలిపి ఇచ్చే పద్ధతి ఇప్పుడు సిస్‌ప్లాటిన్ తీసుకొనేవారికి వాడుకలో ఉంది. మీ అమ్మగారి చీటీలో వీటిలో ఏవి ఉన్నాయో చూసి, మూడో రోజు వికారం ఏ పూట మొదలై ఏ పూటకు తగ్గుతోందో ఒక నోటుపుస్తకంలో రాసుకొని, వచ్చే విడతకు ముందు క్యాన్సర్ వైద్యుడికి చూపించండి. 'కీమో అంటే ఇంతే కదా' అని మీరు ఊరుకోవద్దు. దిగులు గురించి కూడా ఆయనతోనే చెప్పండి. జబ్బు భయం, నిద్రలేమి, డెక్సామెథసోన్ ఆపిన తరువాత వచ్చే నీరసం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, అన్నిటికీ దారులున్నాయి. ఒక్క విషయంలో మాత్రం వచ్చే విడత దాకా ఆగకండి. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు. మంచినీళ్లు కూడా నిలవకుండా వాంతులై, మూత్రం తగ్గితే అదే రోజు ఆసుపత్రికి ఫోను చేయాలి.

ప్రశ్న: విజయవాడ నుంచి శ్రీశైలం బస్సు ఎక్కితే దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో నాకు వాంతులు తప్పవు. మా పక్కింటాయన కీమోకు వాడే మాత్రే ఇచ్చాడు. అంత బలమైన మందు నాకు ఎందుకు పనిచేయలేదు? – పటమట, విజయవాడ

జవాబు: మందు బలహీనమై కాదండీ, చోటు తప్పింది. మలుపుల్లో వచ్చే వాంతికి పేగుతో నిమిత్తం లేదు. చెవి లోపలి సమతుల్య యంత్రాంగం ఒకటి చెబుతుంది, ఎదుటి సీటు వెనుక రేకును చూస్తున్న కన్ను ఇంకొకటి చెబుతుంది, ఈ తగాదా మెదడు కాండానికి చేరడంలో హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే వేరే సంకేత పదార్థాల పాత్ర ఎక్కువ, 5-హెచ్‌టీ3 పాత్ర దాదాపు లేదు. అందుకే సిన్నరిజైన్, ప్రొమెథజైన్, డైమెన్‌హైడ్రినేట్ వంటి మందులు ప్రయాణానికి ముందుగానే వేసుకోమంటారు. అవి మత్తు కలిగిస్తాయి కనుక బండి నడిపేవారు వాడకూడదు, ప్రోస్టేట్ ఇబ్బందీ కంటిలో నీటికాసులూ ఉన్నవారు వైద్యుణ్ని అడగాలి. ముందు సీటులో కూర్చొని దూరంగా రోడ్డు చివర చూడడం ఏ మందుకూ తీసిపోదు. అల్లం మురబ్బా సంగతి చాలామంది అడిగారు. అల్లంలోని జింజెరాల్ వంటి పదార్థాలు ప్రయోగశాలలో 5-హెచ్‌టీ3ని కొంత అణచినట్టు కనపడింది. మన పెద్దవాళ్లు వేవిళ్లకూ అజీర్తికీ అల్లం పెట్టడంలో అర్థం లేకపోలేదు. బస్సులో చప్పరించడానికి అభ్యంతరం లేదు, సిస్‌ప్లాటిన్ వాంతులకు ఇచ్చే మందుకు బదులు మాత్రం అది పనికిరాదు.

ప్రశ్న: మా మూడేళ్ల బాబుకు పోయిన వేసవిలో వాంతులు, విరేచనాలు అయినప్పుడు డాక్టరుగారు వాంతుల సిరప్ ఇచ్చారు. సగం సీసా మిగిలింది. మళ్లీ వస్తే పూటకొకసారి పట్టించవచ్చా? – ఒక తల్లి, మంగళగిరి

జవాబు: సగం మిగిలిన సీసాను దయచేసి పారబోయండి. తెరిచి ఏడాదైన సిరప్ మీద నమ్మకం పెట్టుకోలేము, పైగా బాబు బరువు అప్పటికీ ఇప్పటికీ ఒకటి కాదు. మోతాదు బరువును బట్టి ఉంటుంది.

పిల్లలలో నీళ్ల విరేచనాలు తెచ్చే రోటావైరస్ కూడా పైన చెప్పిన ఎంటరోక్రొమాఫిన్ కణాల నుంచే సెరటోనిన్‌ను విడుదల చేయిస్తుంది. అందువల్ల ఈ వాంతులకు 5-హెచ్‌టీ3ని మూసే మందు పనిచేస్తుంది, కానీ ఇక్కడ దాని ప్రయోజనం చాలా పరిమితం. నోటి ద్వారా ఇచ్చే ఒక్క మోతాదుతో వాంతి ఆగితే ఓఆర్‌ఎస్ కడుపులో నిలుస్తుంది, సెలైన్ పెట్టవలసిన అవసరం తగ్గుతుంది. బిడ్డను కాపాడేది ఆ ఓఆర్‌ఎస్సే. పూటపూటకూ ఈ మందు పట్టిస్తే విరేచనాలు పెరగవచ్చు. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఈ మందు గుండె ఒక్కొక్క కొట్టుకు తరువాత తిరిగి సిద్ధమయ్యే సమయాన్ని, ఈసీజీలో క్యూటీ అని కొలిచేదాన్ని, కొంచెం పొడిగిస్తుంది. విరేచనాలలో పొటాషియం ఎక్కువగా పోయిన పిల్లలకు అది ప్రమాదం కావచ్చు. పెద్దలలోనూ ఈ కారణంగానే 32 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను ఒకేసారి ఇచ్చే పద్ధతిని అమెరికాలో 2012లో మానిపించారు.

వాంతి అయిన పది నిమిషాలు ఆగి, ఓఆర్‌ఎస్‌ను గ్లాసుతో తాగించకుండా చెంచాతో, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్క చెంచా చొప్పున పట్టండి. దాహంతో ఉన్న పిల్లవాడు గ్లాసు లాక్కుంటాడు, లాక్కుని గటగటా తాగితే వెంటనే కక్కేస్తాడు, మీరు మాత్రం చెంచా వదలవద్దు. నోరు ఎండిపోయి, ఏడ్చినా కన్నీరు రాకపోతే, ఆరు గంటలుగా మూత్రం పోయకపోతే, మగతగా ఉంటే, వాంతి ఆకుపచ్చగా ఉంటే ఇంట్లో ఉంచకండి. మన రాష్ట్రంలో రోటావైరస్ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో 2016లోనే మొదలుపెట్టారు, బాబుకు వేశారో లేదో కార్డు చూడండి.

ప్రశ్న: నేను బీ ఫార్మసీ చదువుతున్నాను. 14 సెరటోనిన్ గ్రాహకాలలో 13 ఒక జాతి, 5-హెచ్‌టీ3 ఒక్కటే వేరు అని పాఠంలో ఒక వాక్యం ఉంది. ఆ తేడా ఏమిటో, దాన్ని కంటికి కనపడకుండానే ఎలా కనిపెట్టారో చెప్పగలరా? – ఒక విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఇటువంటి ప్రశ్న వస్తే నాకు పేజీల లెక్క గుర్తుండదని సంపాదకులకు తెలుసు.

ఆ 13 రకాలూ జీ ప్రోటీన్‌తో జతపడినవి. సెరటోనిన్ వచ్చి తగలగానే కణం లోపల ఒక ప్రోటీను కదులుతుంది, అది ఒక ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము మరొక అణువును తయారుచేస్తుంది. ఆఫీసులో అర్జీ ఒక బల్ల నుంచి ఇంకొక బల్లకు పోయినట్టు పని సాగుతుంది, ఫలితం రావడానికి సమయం పడుతుంది. 5-హెచ్‌టీ3 దగ్గర బల్లలు లేవు. అది ప్రకాశం బ్యారేజీ గేటు వంటిది. అయిదు ప్రోటీనులు గుండ్రంగా నిలబడి మధ్యలో సన్నని దారి వదులుతాయి. సెరటోనిన్ పైభాగంలో తగలగానే ఆ దారి తెరుచుకొని సోడియం, కొంత కాల్షియం లోపలికి దూకుతాయి, పొటాషియం బయటకు పోతుంది, నాడి కణం మేలుకొంటుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతుల లెక్క. సెరటోనిన్ అక్కడే అంటుకొని ఉన్నా కొంతసేపటికి గేటు తనంతట తానే మూసుకుంటుంది. కండరాన్ని కదిలించే నికోటినిక్ గ్రాహకం దీనికి దాయాది.

కనిపెట్టిన తీరు ఇంకా బాగుంటుంది. సర్ జాన్ గాడమ్, పికరెల్లి అనే ఇద్దరు ఎడిన్‌బరోలో గినీపిగ్ చిన్నపేగు ముక్కతో చేసిన పని అది, అచ్చయినది 1957లో. మన బ్యారేజీ పూర్తయినదీ ఆ ఏడాదే, అది యాదృచ్ఛికమే అనుకోండి. మీరు ఇప్పుడు కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాన్ని మేము చేతులతో చేసినవాళ్లం కనుక అది ఎలా ఉండేదో చెబుతాను. రెండు మూడు సెంటీమీటర్ల పేగు ముక్కకు రెండు కొసలా దారం కట్టి, టైరోడ్ అనే వెచ్చని లవణ ద్రావణంలో కింది దారాన్ని గాజు కొక్కేనికి, పై దారాన్ని సన్నని మీటకు తగిలించేవాళ్లం. ఎదురుగా పొగ పట్టించి నల్లబరచిన కాగితం చుట్టిన డ్రమ్ము నెమ్మదిగా తిరిగేది. మీట మొన ఆ మసిని గీకుతూ తెల్లని గీత గీసేది. ద్రావణంలో మందు వేయగానే పేగు ముడుచుకొని గీత కొండలా లేచేది, కడిగేస్తే మళ్లీ నేలకు దిగేది. ద్రావణంలోకి వదిలే గాలి బుడగలు ఆగిపోయినా, దారం మరీ బిగిసినా ఆ రోజు పని అంతటితో సరి. చివరకు ఆ కాగితాన్ని లక్క ద్రావణంలో ముంచి ఆరబెట్టకపోతే చీర కొంగు తగిలినా మొత్తం చెరిగిపోయేది.

గాడమ్, పికరెల్లి సెరటోనిన్ వేసి ఆ కొండను లేపారు. డైబెంజిలీన్ అనే మందు వేస్తే కొండ కొంత తగ్గింది, ఎంత ఎక్కువ వేసినా కొంత మిగిలింది. మార్ఫిన్ వేసినా అంతే. రెండూ ఉన్నప్పుడు మాత్రం అణిగిపోయింది. దాన్నిబట్టి పేగులో రెండు రకాల గ్రాహకాలు ఉన్నాయని, ఒకటి కండరం మీద, రెండోది కండరాన్ని నడిపించే నాడి మీద ఉందని వారు ఊహించి, డైబెంజిలీన్ అడ్డుకొనేదాన్ని డీ అనీ, మార్ఫిన్ అడ్డుకొనేదాన్ని ఎమ్ అనీ పిలిచారు. పరీక్షలో చాలామంది జారిపడేది ఇక్కడే: మార్ఫిన్ ఎమ్ గ్రాహకాన్ని మూయదు, ఆ నాడి నుంచి ఎసిటైల్‌కోలిన్ రాకుండా చేస్తుంది, అంతే. 1986లో పేర్లను సవరించినప్పుడు ఆ ఎమ్ గ్రాహకమే 5-హెచ్‌టీ3 అయింది. ఒక మీట, ఒక మసి కాగితం, రెండు మందులు, వీటితో 1957లో ఊహించినదాన్ని జన్యువు రూపంలో చేతికి తెచ్చుకొన్నది 1991లో, డేవిడ్ జూలియస్ ప్రయోగశాల. మిర్చి యార్డు ఉన్న ఊరి అమ్మాయికి ఆ పేరు వేరే చెప్పాలా? మిరపకాయ ఘాటును నాలుక ఎలా గుర్తిస్తుందో ఆరు సంవత్సరాల తరువాత, 1997లో, బయటపెట్టిన ప్రయోగశాల అదే. స్పర్శ, ఉష్ణ గ్రాహకాల పనికి 2021లో నోబెల్ పంచుకొన్నవారిలో ఆయన ఒకరు. కారపు గ్రాహకం కూడా సోడియం, కాల్షియం వంటి అయాన్లకు గేటు తెరిచే జాతిదే. కందిరీగ కుట్టినప్పటి మంటలో కూడా మన 5-హెచ్‌టీ3కి వాటా ఉంది. ఆ విషంలో సెరటోనిన్ ఉంటుంది, చర్మంలోని నొప్పి నాడుల మీద ఈ గ్రాహకం ఉంటుంది.

ప్రశ్న: మనోవ్యాకులతకు ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టి నాలుగు రోజులైంది. పొద్దున లేస్తే కడుపులో తిప్పుతోంది. మానేయమంటారా? అరటిపండ్లలో సెరటోనిన్ ఉందట, వాటితో సరిపెట్టుకోవచ్చా? – ఒక బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మానవద్దు. ఈ మందు, నాడుల మధ్య విడుదలైన సెరటోనిన్ త్వరగా వెనక్కు పోకుండా ఆపుతుంది. మెదడులో జరగాలని మనం కోరేది పేగులోనూ జరుగుతుంది, అక్కడ అది 5-హెచ్‌టీ3ని తట్టి వికారం తెస్తుంది. చాలామందికి ఒకటి రెండు వారాలలో ఇది సద్దుమణుగుతుంది. భోజనం తరువాత వేసుకొంటే తేలికగా ఉంటుంది. తగ్గకపోతే మీ వైద్యుడు మోతాదు మార్చగలరు, లేదా మిర్టజపైన్ వంటి, 5-హెచ్‌టీ3ని తనంతట తానే మూసే మందుకు మార్చగలరు. దానితో వికారం తక్కువ, ఆకలీ నిద్రా బరువూ పెరుగుతాయి. మీరుగా ఒండాన్‌సెట్రాన్ కొని దీనితో కలిపి వేసుకోవద్దు, రెండూ పైన చెప్పిన క్యూటీని పొడిగించేవే. అరటిపండులో సెరటోనిన్ ఉన్నమాట నిజమే, అయితే అది రక్తం నుంచి మెదడులోకి పోలేదు. పండు తినండి, మందుగా మాత్రం లెక్కించకండి.

ప్రశ్న: పదేళ్లుగా నాకు కడుపు నొప్పి, రోజుకు నాలుగైదు విరేచనాలు. పరీక్షలన్నీ బాగున్నాయి, ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు పనితీరు గాడితప్పడం) అన్నారు. వాంతుల మాత్ర మలబద్ధకం చేస్తుంది కదా, ఆ దుష్ఫలితమే నాకు మందు కాకూడదా? – ఒక వ్యాపారి, పట్నం బజారు, గుంటూరు

జవాబు: మీ ఊహ తెలివైనది, మందుల కంపెనీలకూ అదే ఊహ వచ్చింది. తిన్నది పేగు గోడను నొక్కినప్పుడు వచ్చే సెరటోనిన్ అక్కడి నాడులను లేపి, పేగు ముందుకు నెట్టే కదలికను నడిపిస్తుంది. 5-హెచ్‌టీ3ని మూస్తే ఆ కదలిక మందగిస్తుంది, పేగు నుంచి మెదడుకు పోయే బాధ కూడా కొంత తగ్గుతుంది. విరేచనాల ఐబీఎస్ ఉన్న స్త్రీలకు అలోసెట్రాన్ అనే మందును అమెరికాలో 2000 ఫిబ్రవరిలో అనుమతించారు. కొందరిలో పెద్దపేగుకు రక్తం అందక దెబ్బతినడం, తీవ్రమైన మలబద్ధకం కనపడేసరికి ఆ నవంబరులోనే ఉపసంహరించారు. అయితే అది లేక మళ్లీ పాత బాధలో పడ్డ రోగులు గట్టిగా అడగడంతో, 2002లో కఠినమైన షరతులతో తిరిగి తెచ్చారు. అంటే 5-హెచ్‌టీ3ని మూస్తే మేలూ నిజమే, కీడూ నిజమే. ఒండాన్‌సెట్రాన్‌ను ఇదే జబ్బుకు పరీక్షించి చూశారు. మలం గట్టిపడింది, తొందర తగ్గింది, కడుపు నొప్పి మాత్రం పెద్దగా తగ్గలేదు. మీకు రెండూ ఉన్నాయి కనుక సగం బాధకే అది సమాధానం కావచ్చు. మీ జీర్ణకోశ వైద్యుణ్ని ఈ మాట సూటిగా అడగండి, మోతాదు ఆయన చెబితేనే మొదలుపెట్టండి, మొదలుపెట్టాక మూడు రోజులు విరేచనం కాకపోయినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా, మలంలో రక్తం కనపడినా ఆ పూటే ఆపి ఆయనకు ఫోను చేయండి.